కోపెన్‌హాగెన్: చిన్న అడుగులకు సరిపోయే నగరం

యూరప్ యాత్ర అనగానే తెలుగు కుటుంబాల ఊహలో మెదిలేది పది పన్నెండు రోజుల్లో ఏడెనిమిది దేశాలు చుట్టివచ్చే బస్సు యాత్ర. పెద్దవాళ్ళకు ఆ హడావిడి ఎలాగో గడిచిపోతుంది గాని, తెల్లవారకముందే లేపి, పెట్టెలు సర్ది, గంటల తరబడి బస్సులో కూర్చోబెట్టిన ఐదేళ్ళ పిల్లకు దేశాల మధ్య తేడా తెలియదు, ఏ సరిహద్దు ఎప్పుడు దాటారో పట్టదు, కిటికీ పక్క సీటు తనకు దక్కిందా లేదా అన్నదే ముఖ్యం. దీనికి పూర్తిగా భిన్నమైన పద్ధతిని యూరప్‌వాసులు ‘సిటీ బ్రేక్’ అంటారు. ఒకే నగరానికి వెళ్ళి, ఒకే బసలో మూడు నాలుగు రోజులు ఉండి తిరిగి రావడమే దాని సారాంశం. హైదరాబాదు నుంచి అంత దూరం వెళ్ళేవారు ఆ మూడు రోజులను ఆరు చేసుకోవచ్చు గాని, నగరాలను రెండు చేసుకోకపోవడమే మంచిది.

ఏ నగరం అన్నది తరువాతి ప్రశ్న. చూడవలసిన కట్టడాల లెక్కతో తేల్చుకుంటే పారిస్, రోమ్ ముందుంటాయి. పిల్లల కోసం నగరం ఏం కట్టుకుంది అన్నదే కొలత అయితే డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌కు సాటి వచ్చేవి తక్కువ. ఈ మాటకు ఆధారం 1943 నాటి ఒక చిన్న స్థలంలో ఉంది. నగరంలోని పార్కులకు రూపమిచ్చిన సి. టి. సోరెన్‌సెన్ అనే ఉద్యానశిల్పి, పిల్లలు తాను గీసిన చక్కని ఆటస్థలాల కంటే కట్టడాలు లేస్తున్న చోట పడి ఉన్న ఇటుకలతో, చెక్కముక్కలతో ఎక్కువ ఆనందంగా ఆడుకుంటున్నారని గమనించి, అలాంటి పాత సామానే నింపిన ఆటస్థలం ఒకటి ఉండాలని 1931లో ప్రతిపాదించాడు. దేశం జర్మన్ సైన్యాల ఆక్రమణలో ఉన్న రోజుల్లో, ఎంద్రప్ అనే శివారు పేటలో, ఒక గృహనిర్మాణ సంఘం ఇళ్ళ నడుమ ఆ ఆలోచన రూపుదాల్చింది. జారుడుబల్ల, ఉయ్యాల వంటి తయారు వస్తువులకు బదులు చెక్క, సుత్తి, మేకులు ఇచ్చి పిల్లలే తమకు కావలసినవి కట్టుకునే ఈ ‘పాత సామాను ఆటస్థలం’ను 1946లో చూసిన బ్రిటన్ ఉద్యానశిల్పి లేడీ అలెన్ ఆ పద్ధతిని తన దేశానికి తీసుకుపోయింది, అక్కడ అదే ‘అడ్వెంచర్ ప్లేగ్రౌండ్’గా పేరు మార్చుకుని ప్రపంచమంతా తిరిగింది.

ఆ దృష్టి నగరపాలనలో నేటికీ నిలిచే ఉంది. ఫెల్లెడ్‌పార్కెన్ అనే పెద్ద పార్కులో నగరంలోని ప్రసిద్ధ గోపురాలను పిల్లలు ఎక్కి దిగేంత చిన్నవిగా చేసి నిలిపిన ఆటస్థలం ఒకటి, చిన్న రోడ్లు, చిన్న ట్రాఫిక్ గుర్తులతో పిల్లలు సైకిలు తొక్కడం నేర్చుకునే ఆటస్థలం మరొకటి ఉన్నాయి. రెండింటికీ ప్రవేశ రుసుము లేదు. పర్యాటక పుస్తకాలు వీటికి ఇచ్చే చోటు కొద్దిపాటిదే గాని, యాత్ర ముగిశాక పిల్లలు తలచుకునేది మాత్రం వీటినే అయ్యే అవకాశం ఎక్కువ.

నిదానమైన యాత్రను మొదట దెబ్బతీసేది కాలభేదం, అంటే రెండు చోట్ల గడియారాల మధ్య ఉండే తేడా. దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. వేసవిలో డెన్మార్క్ గడియారం మన గడియారం కంటే మూడున్నర గంటలు వెనుక ఉంటుంది కాబట్టి, ఇంట్లో ఉదయం ఏడింటికి లేచే పిల్ల అక్కడ మూడున్నరకే లేచి కూర్చుంటుంది, రాత్రి తొమ్మిదింటికి పడుకునే పిల్ల సాయంత్రం ఐదున్నరకే తూలిపోతుంది. దీనికి తోడు మే నెల మధ్యకు వచ్చేసరికి అక్కడ ఐదింటిలోపే తెల్లవారి, రాత్రి తొమ్మిది దాటాక గాని పొద్దు కుంకదు. పడకగదికి మందపాటి తెరలు ఉన్నాయా అని బస కుదుర్చుకునేటప్పుడే అడగడం నక్షత్రాల లెక్క చూడడం కంటే ముఖ్యం. ఈ తేడాతో పోరాడకుండా దాన్నే వాడుకోవడం తెలివైన పని. మొదటి రెండు రోజులూ బయటి పనిని ఉదయానికి పెట్టుకుని, మధ్యాహ్నం బసకు చేరి పిల్లలతో పాటు పెద్దలూ ఒక కునుకు తీస్తే, మూడో రోజుకు శరీరం దారికి వస్తుంది. రోజుకు ఒక్క పెద్ద సంగతి, దానికి ముందో వెనుకో ఒక పార్కు: అంతకు మించి కాగితం మీద రాసుకోకూడదు.

అందువల్ల నగరంలో పిల్లలకు అన్నిటికంటే పెద్ద ఆకర్షణ అయిన టివోలీని చివరి రోజులకు దాచుకోవాలి. రైల్వే స్టేషన్‌కు ఎదురుగానే ఉన్న ఈ వినోదవనాన్ని గేయార్గ్ కార్స్టెన్‌సెన్ 1843 ఆగస్టు 15న తెరిచాడు. డిస్నీలాండ్ కట్టకముందు వాల్ట్ డిస్నీ వచ్చి చూసిన చోటు ఇదే. 1914 నాటి చెక్క రోలర్‌కోస్టర్ ఇప్పటికీ నడుస్తోంది, ప్రతి బండిలోనూ ఒక మనిషి కూర్చుని చేత్తో బ్రేకు వేస్తూ ఉంటాడు. ప్రవేశ టికెట్టు వేరు, లోపల ఒక్కో ఆటకు చెల్లించేది వేరు అన్న సంగతి ముందే తెలిసి ఉండాలి. మరీ చిన్న పిల్లలకు పూలమొక్కలు, నెమళ్ళు, దీపాలు చాలు కనుక, వాళ్ళ పేరున అన్ని ఆటలకూ వర్తించే టికెట్టు కొనడం వృథా. దీపాలు వెలిగే వేళకు మేలుకుని ఉండగలిగిన రోజునే ఇక్కడికి రావాలి.

గుండ్రటి గోపురం, అంటే రుండెటార్న్, మరో రకం ఆనందం. నాల్గవ క్రిస్టియన్ రాజు ఖగోళ పరిశీలన కోసం కట్టించగా 1642లో పూర్తయిన ఈ గోపురంలో పైకి దాదాపు అంతా మెట్లకు బదులు 209 మీటర్ల వాలుదారి మెలికలు తిరుగుతూ సాగుతుంది. రష్యా చక్రవర్తి పీటర్ 1716లో దీన్ని గుర్రం మీద ఎక్కాడని చెబితే, ఆరేళ్ళ పిల్లవాడు ఎత్తుకోమని అడగకుండా తానే గుర్రమై పరుగెత్తుతాడు. 1913 నుంచి రేవు ఒడ్డున కూర్చున్న చిన్న మత్స్యకన్య విషయం దీనికి విరుద్ధం. హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ కథ పుణ్యాన జగత్ప్రసిద్ధమైన ఆ విగ్రహం ఎత్తు 1.25 మీటర్లే, అంటే ఇంచుమించు ఏడేళ్ళ పిల్లంత. ఆ కథ ముందుగా చెప్పి తీసుకువెళ్తే సరే, లేకపోతే అంత నడక దండగ.

రాకపోకల విషయంలో చెప్పవలసింది తక్కువ, ఎందుకంటే కష్టం తక్కువ. విమానాశ్రయం నుంచి నగర మధ్యానికి మెట్రోలో పావుగంట ప్రయాణం. స్టేషన్లన్నిటికీ లిఫ్టు ఉంది కనుక స్ట్రోలర్‌ను మోయనక్కరలేదు, టికెట్టు కొన్న ఒక పెద్ద వెంట పన్నెండేళ్ళ లోపు పిల్లలు ఇద్దరు ఉచితంగా వెళ్ళవచ్చు. రైలుకు డ్రైవరు లేడు కాబట్టి ముందు అద్దం దగ్గరి సీటు దొరికిన పిల్లలే ఆ రైలును నడుపుతారు.

తిండి సంగతికి వస్తే, ఖరీదైన ఆ నగరంలో మూడు పూటలా బయట తినడం చాలా కుటుంబాలకు బరువు. పైగా అన్నం, పెరుగు అలవాటైన పిల్లలకు వంటగది ఉన్న బస హోటలు కంటే సుఖం. బియ్యం, పప్పు, రుచి చేర్చని పెరుగు అక్కడి దుకాణాల్లో దొరుకుతాయి, కుళాయి నీళ్ళు నేరుగా తాగవచ్చు. ఊరి నుంచి తీసుకువెళ్ళే మూటలోనే జాగ్రత్త అవసరం. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం బయటి దేశాల ప్రయాణికులు మాంసం, పాల ఉత్పత్తులు వెంట తేకూడదు కనుక నెయ్యి, పాలకోవా ఇంట్లోనే ఉండిపోవాలి, పసిపిల్లల పాలపొడికి మాత్రం పరిమితంగా మినహాయింపు ఉంది. ఆరోగ్య ధ్రువపత్రం లేని కరివేపాకు రెమ్మ కూడా నిషిద్ధమే. కందిపొడి, మాంసం లేని పచ్చళ్ళకు ఈ బెడద లేదు.

జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో నివాస అనుమతితో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఈ యాత్రకు వేరే వీసా అక్కరలేదు. బ్రిటన్, ఐర్లాండ్ షెంజెన్ ఒప్పందంలో లేవు కాబట్టి అక్కడ ఉంటున్న భారత పాస్‌పోర్టుదారులకు, స్వదేశం నుంచి బయలుదేరేవారిలాగే, అది తప్పదు. షెంజెన్ అంటే సరిహద్దు తనిఖీలు ఎత్తివేసుకున్న యూరప్ దేశాల కూటమి. 2024 జూన్ నుంచి దాని వీసా రుసుము పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు వారికి 45, ఆరేళ్ళ లోపు వారికి ఏమీ లేదు. పన్నెండేళ్ళ లోపు పిల్లల వేలిముద్రలు తీసుకోరు. కనీసం 30,000 యూరోల వైద్యఖర్చును భరించే ప్రయాణ బీమా అందరికీ ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తును స్వీకరిస్తారు గనుక, మే మొదటి వారంలో విమానం ఎక్కదలచినవారు నవంబరు మొదట్లోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు.