గండికోట నుండి గుత్తి దాకా సైకిలు మీద నాలుగు రోజులు

కారులో గండికోటకు పోయేవారు గంటలో చేరి, లోయ అంచున నిలబడి ఫోటో తీసుకొని, చీకటి పడకముందే తిరిగి వస్తారు. కొండ ఎంత ఎత్తున్నదో వారి కాళ్ళకు తెలియదు. సైకిలు తొక్కుకుంటూ పోయినవానికి మాత్రం కోట కట్టినవాడు ఆ చోటే ఎందుకు ఎంచుకున్నాడో, దాని మీదికి వచ్చిన సైన్యము ఎక్కడ ఆయాసపడి ఉంటుందో చెప్పకుండానే తెలుస్తుంది. అందుకే రాయలసీమ కొండలు చూడాలనుకునే యౌవనస్థులకు మేము సైకిలునే సిఫారసు చేస్తాము. పెట్రోలు ఖర్చు లేదన్నది రెండవ సంగతి.

క్రిస్మస్ హడావుడి ముగిసి, సంక్రాంతి సెలవులు వచ్చిన వారములో మేము అయిదుగురము జమ్మలమడుగులో కలుసుకున్నాము. ముగ్గురు కుర్రవాళ్ళు, రిటైరైన ఒక ఉపాధ్యాయులు, మేము. గేర్ల సైకిలు ఒక్కటే. మిగిలినవి మన ఊళ్ళలో పాలడబ్బాలు మోసే మామూలు నల్ల సైకిళ్ళు. బయలుదేరే ముందు కుర్రవాళ్ళలో ఒకని తల్లి అడ్డుపడింది. "ఆ రోడ్డు మీద లారీలు ఎట్ల పోతాయో మీకు తెల్దా అయ్యగారూ?" అన్నది. ఆమె భయము వట్టిది కాదు. సిమెంటు లారీలు, బండల లారీలు రాత్రింబగళ్ళు తిరిగే దారి అది. చీకటి పడిన తరువాత ఒక్క మైలు కూడా తొక్కము అని మాట ఇచ్చిన తరువాతే ఆమె కొడుకు చేతికి సద్దరొట్టెల మూట ఇచ్చింది.

జమ్మలమడుగు నుండి గండికోటకు దాదాపు 15 కిలోమీటర్లు. దూరము తక్కువే గాని ఎక్కుడు ఉన్నది. గేర్లు లేని సైకిలు మీద నిలబడి తొక్కి గుండెలదరగొట్టుకోవడము కంటె దిగి నడిపించుకొని పోవడము మేలు. ఇందులో సిగ్గు ఏమీ లేదు. గేర్ల సైకిలు కుర్రవాడు ముందు పోయి, ఒక వేపచెట్టు క్రింద మా కొరకు కూర్చున్నాడు. మేము చేరేసరికి అతని దగ్గర నీళ్ళు అయిపోయాయి.

ఎర్రమల కొండల మధ్య పెన్నానది కోసుకొనిపోయిన గండి అంచున ఆ కోట ఉన్నది. గండి పేరే కోటకు వచ్చింది. దాదాపు మూడు వందల అడుగుల లోతున నది, నిలువుగా పేర్చినట్టున్న ఎర్రరాళ్ళు. ఆ వైపు గోడ కట్టవలసిన పని దేవుడే తీసివేశాడు. మిగిలిన వైపులు మనుష్యులు కట్టుకున్నారు. లోపల ఇప్పటికీ ఒక పల్లె ఉన్నది. గడ్డివాములు, మేకలు, వాటి మధ్యనే మాధవరాయస్వామి గుడి గోపురము, జుమ్మా మసీదు, రంగనాథాలయము, కమానులతో కట్టిన పెద్ద ధాన్యాగారము. ధాన్యాగారము లోపల నిలబడి పిలిస్తే మాట తిరిగి వస్తుంది. కుర్రవాళ్ళు అక్కడ అరగంట కదలలేదు.

ఈ కోట విజయనగర రాజుల కాలములోను, ఆ తరువాతను పెమ్మసాని నాయకుల చేతిలో ఉండేది. 1650 ప్రాంతములో గోల్కొండ సుల్తాను మంత్రి మీర్ జుమ్లా దీనిని పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ అతనిని కలుసుకొనుటకు ఇక్కడికే వచ్చాడు. గుళ్ళలోని రాగి విగ్రహాలను తెప్పించి, కరిగించి, ఒక ఫ్రెంచివాని చేత ఫిరంగులు పోత పోయించాలని మీర్ జుమ్లా ప్రయత్నించాడనీ, ఆ పని సాగలేదనీ ఆయన తన యాత్రా గ్రంథములో వ్రాశాడు. మసీదు ప్రక్కన ఉన్న కోనేటిని కత్తుల కోనేరు అంటారు. యుద్ధము తరువాత కత్తులు కడిగితే నీళ్ళు ఎర్రబడ్డాయని ఊరివారు చెప్పుకుంటారు.

రెండవ రోజు ఉదయము దిగుడు. దిగేటప్పుడే ప్రమాదము. రాడ్డు బ్రేకుల సైకిలుకు ముందు బ్రేకు ఒక్కసారిగా పట్టితే మనిషి హ్యాండిలు మీదుగా పోతాడు. వెనుక బ్రేకు ఒకటే పట్టుకొని ఉంటే రబ్బరు అరిగి కాలుతుంది. రెండూ కొంచెము కొంచెముగా పట్టి వదలాలి. మనిషికి మనిషికి ఇరవై బారల ఎడము ఉంచాలి. క్యారియరు మీద బరువు ఒక ప్రక్కకు ఒరగకూడదు. ఇవన్నీ ముందు రోజు రాత్రే చెప్పి, ప్రతి సైకిలు బ్రేకు రబ్బర్లు మాస్టారు స్వయముగా చూచారు. ఆయన నలభై ఏండ్లు సైకిలు మీదనే బడికి పోయినవారు.

జమ్మలమడుగు మీదుగా ముద్దనూరు చేరి, అక్కడ ఉగ్గాని బజ్జీలు తిని, తాడిపత్రి దారి పట్టాము. ఆ రోజు తొక్కవలసినది 80 కిలోమీటర్ల దాకా ఉంటుంది. తాడిపత్రిలో పడుకోవాలని మా లెక్క. కాని పల్లేరు ముళ్ళకు మా లెక్కతో పని ఏమున్నది? చెట్టు నీడ కొరకు రోడ్డు దిగిన ప్రతిసారీ ఒక ట్యూబు పోయింది. మధ్యాహ్నములోగా నాలుగు పంక్చర్లు. రాయలసీమ దారిలో పోయేవారు సొల్యూషన్ ట్యూబు, రబ్బరు ముక్కలు, గరుకు కాగితము, పంపు లేకుండా బయలుదేరకూడదు. టైరులో విరిగిన ముల్లును వ్రేలితో వెదకి తీయకుండా మరల ట్యూబు ఎక్కిస్తే అర మైలులో అదే కథ.

కొండాపురము ప్రాంతానికి వచ్చేసరికి నీళ్ళు కనబడ్డాయి. గండికోట రిజర్వాయరు అది. దాదాపు 27 టీఎంసీల నీరు నిలుపగలదు. ఎండిన సీమలో అంత నీరు చూస్తే ఎవరికైనా కడుపు నిండుతుంది. కుర్రవాళ్ళు ఆనందముతో కేకలు వేశారు. మాస్టారు మాత్రము సైకిలు స్టాండు వేసి, మాట్లాడకుండా నిలబడ్డారు. ఆ నీటి క్రింద ఆయన పుట్టిన పల్లె ఉన్నది. రిజర్వాయరు నింపుటకు తాళ్ళప్రొద్దుటూరు వంటి ఊళ్ళు 2020లో ఖాళీ అయ్యాయి. "మా ఇంటి ముందర చింతచెట్టు అదో, ఆ దిక్కున" అని చెయ్యి చూపించారు. నీళ్ళు తప్ప మాకు ఏమీ కనబడలేదు.

కుర్రవాడొకడు అడిగాడు: "సార్, ఈ నీళ్ళు లేకుంటే బాగుండేదా?" మాస్టారు వెంటనే జవాబు చెప్పలేదు. తరువాత, "మా నాయన చెనక్కాయ పంట వాన లేక ఏడేండ్లలో నాలుగేండ్లు ఎండింది. నీళ్ళు వద్దని నేనెట్లంటా? పోయినోళ్ళకు ఇల్లు, చేను సక్రమంగా ఇచ్చినారా లేదా, అది అడుగు" అన్నారు. మాకు తెలిసినంతలో ఆ ప్రశ్న అడుగవలసినవారు ఇంకా చాలామంది ఉన్నారు.

అక్కడ ఆగినందుకు గంటన్నర పోయింది. పొద్దు వాలుతున్నది, తాడిపత్రి ఇంకా దూరమున్నది. టార్చిలైట్లు ఉన్నాయి గదా, పోదామని కుర్రవాళ్ళు అన్నారు. ఆ తల్లి కొడుకు మాత్రము నోరెత్తలేదు, మా ముఖము వైపు చూచాడు. రోడ్డు ప్రక్కన ఒక పల్లెలోకి సైకిళ్ళు త్రిప్పాము. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దమ్మ "యాడికి పోతాండరయ్యా ఇంత పొద్దుగూకినాక?" అని అడిగి, సంగతి విని, బిందెడు నీళ్ళు, ఇంటి వసారా చూపించింది. రాగిసంగటి, చెనక్కాయల పచ్చడి పెట్టింది. మా కులము గాని మతము గాని అడుగలేదు. రాత్రంతా లారీల మోత వినబడుతూనే ఉన్నది.

తాడిపత్రి మరునాడు ఉదయము చేరాము. గండికోట నేలిన పెమ్మసానివారే అక్కడి చింతల వెంకటరమణ, బుగ్గ రామలింగేశ్వర ఆలయాలను కట్టించారు. పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ గుడిలో గోపురాలు పూర్తి కానేలేదు. కాని ఉన్నంతమేర రాతి మీద వ్రేలు పెట్టుటకు చోటు లేనట్టు చెక్కారు. అంత మెత్తగా చెక్కిన ఊరిలోనే ఈనాడు బండలు కోసే మరల దుమ్ము ముక్కుకు గుడ్డ కట్టుకోనిదే నడువనియ్యదు. అక్కడి నుండి దాదాపు 30 కిలోమీటర్లు పోతే బెలుము గుహలు. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న గుహలవి. ఒక రోజు ఎక్కువ ఉన్నవారు తప్పక పోవలెను, మాకు లేదు.

గుత్తికి మూడవ రోజు సాయంకాలము చేరి, నాలుగవ రోజు తెల్లవారి కోట ఎక్కాము. సైకిళ్ళు క్రింద గొలుసు వేసి వదలాలి. ద్వారము తరువాత ద్వారము దాటుతూ రెండు గంటలు ఎక్కినా కొన రాలేదు. కొన మీద బండలో తొలిచిన నీటి గుంటలు చూచాము. మరాఠా నాయకుడు మురారిరావు ఈ కోటలో ఉండగా హైదర్ అలీ ముట్టడించాడు. గోడలు బద్దలు కాలేదు. లోపల నీళ్ళు అయిపోయాయి. 1776లో కోట లొంగిపోయింది. మా సీసాలలో అప్పటికి అరసీసా నీళ్ళున్నాయి. అందుచేత ఈ చరిత్ర కుర్రవాళ్ళకు రెండవసారి చెప్పవలసిన పని లేకపోయింది.

కొండ క్రింద ఆంగ్లేయుల సమాధుల తోట ఉన్నది. సర్ థామస్ మన్రో దేహము మొదట ఇక్కడే పెట్టారు. 1800లో నిజాము వదులుకున్న ఈ జిల్లాలకు కలెక్టరుగా వచ్చి, ఏడేండ్లు గుడారాలలో తిరుగుతూ రైతుల భూములు కొలిపించినవాడు. తరువాత మద్రాసు గవర్నరు అయ్యాడు. స్వదేశము పోయే ముందు ఈ సీమను ఒకసారి చూచి పోదామని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. 1831లో ఆయన అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తీసికొనిపోయారు. మాస్టారు ఆ తోటలో చాలాసేపు ఒక్కొక్క రాయి చదువుతూ తిరిగారు. వానిలో చిన్నపిల్లల సమాధులు కూడా ఉన్నాయి.

ఈ దారిలో పోదలచినవారికి నవంబరు చివర నుండి ఫిబ్రవరి దాకా అనుకూలము. మార్చి దాటితే ఎండ ఓర్చుకోలేరు. మనిషికి మూడు లీటర్ల నీరు తక్కువ కాకుండా ఉంచుకోవాలి, కనబడిన ప్రతి బోరింగు దగ్గర నింపుకోవాలి. సైకిలు వెనుక ఎర్రని మెరుపు స్టిక్కరు అంటించాలి, ఒకరి వెనుక ఒకరే పోవాలి. తిరుగు ప్రయాణానికి గుత్తి జంక్షనులో సైకిళ్ళను లగేజిగా బుక్ చేయించుకోవచ్చు. రైలు వేళకు గంట ముందు పోవలెను, టైర్లలో గాలి కొంచెము తీసివేయాలి.