మొదటి కోత సొరకాయ మీద

వంద మందిని చంపితేగానీ వైద్యుడు కాడని మన పెద్దలు అనే పాత మాట ఒకటుంది. చేత్తో నేర్చుకునే విద్యలో తప్పులు జరగక మానవు, ఆ తప్పుల భారం మోయాల్సింది రోగే అన్న భయం ఆ మాటలో ఉంది. డాక్టర్లకు ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి, వచ్చిందో రాలేదో ఎలా తేల్చాలి అని ఆలోచించినవాళ్లంతా ఆ మాటను అబద్ధం చేయడానికే పాటుపడ్డారు. ఆ ప్రయత్నాల్లోంచి కొన్ని విశేషాలు.

★ సుశ్రుత సంహితలో శిష్యుల సాధనకే ఒక అధ్యాయం ఉంది. కోయడం సొరకాయ, దోసకాయ లాంటి కాయల మీద నేర్చుకోవాలి. చీల్చడం నీళ్లూ బురదా నింపిన తోలు సంచుల మీద, సిరను పొడవడం చచ్చిన జంతువుల సిరల మీద, తామర తూళ్ల మీద. కుట్లు వేయడానికి మందపాటి బట్ట అంచులు, కట్లు కట్టడానికి మనిషి ఆకారంలో చేసిన బొమ్మ. ఒంట్లో ఇరుక్కున్నదాన్ని బయటికి లాగడానికి పనస, దొండ, మారేడు పండ్ల గుజ్జు. చేతికి నూనె రాసుకుని పనసపండు ఒలిచినవాళ్లకు ఈ ఎంపికలోని తెలివి ఇట్టే తెలుస్తుంది. జిగురులో, పీచులో చిక్కుకున్నదాన్ని చిదమకుండా పైకి తీయడం తేలిక కాదు. ఎంత శాస్త్రం చదివినా ఈ సాధన చేయనివాడు పనికి తగడని ఆ అధ్యాయం తేల్చి చెప్పింది.

★ గుండె ఆగినప్పుడు రక్తం ఆగకుండా ఛాతీ నొక్కే సీపీఆర్‌ను బతికున్న మనిషి మీద సాధన చేయలేం. ఈ చిక్కును తీర్చింది ఒక బొమ్మల తయారీదారు. నార్వేకు చెందిన ఆస్ముండ్ లేర్డాల్ 1960లో 'రెససీ ఆనీ' అనే నిలువెత్తు బొమ్మను తయారుచేశారు. ఆ బొమ్మ ముఖానికి మూలం, పారిస్‌లో సేన్ నదిలో దొరికిన గుర్తు తెలియని యువతిదని చెప్పుకునే ముఖపు అచ్చు. నేటికీ స్కిల్ ల్యాబ్‌లో విద్యార్థులు ఇలాంటి బొమ్మల పక్కనే మోకాళ్ల మీద కూర్చుంటారు. అరచేతి మడమను ఛాతీ మధ్యన ఆనించి, మోచేతులు వంచకుండా, పైకి లెక్కపెడుతూ నొక్కుతారు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ప్రతిసారీ కనీసం 5 సెంటీమీటర్ల లోతు. రెండు నిమిషాలకే భుజాలు లాగేస్తాయి. మనిషిని మార్చుకుంటూ నొక్కాలని ఎందుకంటారో అప్పుడు తెలిసొస్తుంది.

★ రోగిగా నటించడం ఒక ఉద్యోగమని తెలుసా? 1963లో లాస్ ఏంజెలెస్‌లో హోవర్డ్ బారోస్ అనే నరాల వైద్యుడు, చిత్రకారులకు మోడల్‌గా పనిచేసే ఒక మహిళకు ఒక రోగి కథనూ లక్షణాలనూ నేర్పారు. విద్యార్థులు ఆమెను పరీక్షించేవారు, తర్వాత వాళ్లెలా పరీక్షించారో ఆమె చెప్పేది. మొదట్లో చాలామంది పెదవి విరిచారు. ఇప్పుడు ఎన్నో దేశాల్లో వైద్యవిద్యకు ఇలాంటి 'రోగులు' లేకపోతే జరగదు. చేయి మొరటుగా తగిలిందనో, తన మాట పూర్తిగా వినలేదనో అసలు రోగి మొహమాటపడి చెప్పడు. ఈ రోగి చెబుతుంది.

★ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకుని శస్త్రచికిత్స ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యారు. రాతపరీక్షలు బాగా రాసినా ఎంబీబీఎస్ బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవలసి వచ్చింది. తర్వాత అమెరికాలో టెట్రాసైక్లిన్ జాతి మొదటి మందునూ, బోదకాలు మందునూ లోకానికి అందించిన పరిశోధనలు నడిపింది ఈయనే. ఒక్కరి కోపతాపాల మీద విద్యార్థి భవిష్యత్తు ఆధారపడకూడదంటే ఏం చేయాలి? స్కాట్లండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ బృందం 1975లో ఒక మార్గం చూపింది. అదే 'ఆస్కీ' పరీక్ష. వరసగా బల్లలు, ఒక్కో బల్ల దగ్గర ఒక్కో పని. గంట మోగగానే తర్వాతి బల్లకు కదలాలి. అందరికీ అవే పనులు, మార్కులకు ముందే రాసిపెట్టిన ఒకే జాబితా.

★ అమెరికా వైద్యవిద్య రూపురేఖలు మార్చిన మనిషి డాక్టర్ కాదు, బడిపంతులు. అబ్రహం ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడాల్లోని 155 వైద్య కళాశాలలు తిరిగి 1910లో నివేదిక ఇచ్చారు. ప్రయోగశాల లేకుండా, ఆసుపత్రి లేకుండా ఫీజుల కోసమే నడుస్తున్నవాటిని పేరుపెట్టి ఎండగట్టారు. తర్వాతి ఏళ్లలో చాలా కళాశాలలు మూతపడ్డాయి. మంచితోపాటు ఒక పెద్ద అన్యాయమూ జరిగింది. నల్లజాతివారికున్న ఏడు కళాశాలల్లో చివరికి హోవర్డ్, మెహారీ అనే రెండే మిగిలాయి. ప్రమాణాలు రాసేవాళ్లు వాటితో ఎవరికి తలుపు మూసుకుపోతుందో కూడా చూసుకోవాలి.

★ కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 1969లో 20 మంది విద్యార్థులతో కొత్త దారి పట్టింది. ముందు రోగి సమస్య, ఆ తర్వాతే పుస్తకం. చిన్న చిన్న బృందాలుగా కూర్చుని, తమకు ఏం తెలియదో తేల్చుకుని, వెతికి తెచ్చుకోవాలి.

★ అదే 1969లో మహారాష్ట్రలోని సేవాగ్రామ్‌లో, గాంధీ శతజయంతి ఏడాదిలో, సుశీలా నయ్యర్ వైద్య కళాశాల ప్రారంభించారు. అక్కడ చేరినవాళ్లకు తొలి పాఠం 15 రోజుల ఆశ్రమ జీవితం. ప్రతి బ్యాచ్ ఒక ఊరిని దత్తత తీసుకుంటుంది. సుబ్బారావుకు శిక్ష తెచ్చిన ఖద్దరు ఇక్కడ కాలేజీ సంప్రదాయం.

★ ఉస్మానియా విశ్వవిద్యాలయం తొలి దశాబ్దాల్లో వైద్యాన్ని ఉర్దూలో బోధించింది. ఇప్పుడు పాఠం ఇంగ్లిష్‌లోనే అయినా వార్డులో మాట మనదే. అందుకే 2019లో దేశమంతటా వచ్చిన కొత్త ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక మొదట్లోనే పునాది కోర్సు పెట్టి, అందులో స్థానిక భాషను చేర్చింది. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కుర్రాడికి మన వార్డులో ఇది ఎంత అవసరమో చూడండి. "గుండెల్లో మంట" అంటే చాలాసార్లు కడుపులోని ఆమ్లం. "గుండె దడ" అంటే వేరే సంగతి. "ఎప్పట్నుంచమ్మా?" అని అడిగితే "మొన్న సంతనాటి నుంచి బాబూ" అంటుంది జ్వరంతో వచ్చిన ఒక ఆవిడ. సంత ఏ వారమో తెలియకపోతే జ్వరం ఎన్నాళ్లదో కేస్ షీటులో ఏం రాస్తాడు?

★ ఆ ప్రణాళికలోనే 'ఏట్‌కామ్' పేరుతో నడవడి, నీతి, మాటతీరు నేర్పే పాఠాలున్నాయి. ఆపరేషన్‌కు ఒప్పుకోలు ఎలా అడగాలి, చేదు కబురు ఇంటివాళ్లకు ఎలా చెప్పాలి అన్నవి ఇప్పుడు సిలబస్‌లో భాగం. ఒకప్పుడు ఇవన్నీ సీనియర్లను చూసి ఎవరికి వాళ్లు పట్టుకోవలసినవే. సీనియర్ విసుక్కుంటే ఆ విసుగే పాఠమయ్యేది.

★ అమెరికా వైద్యవిద్యా నిపుణుడు జార్జ్ మిల్లర్ 1990లో నాలుగు మెట్లు గీసి చూపించారు. తెలుసు, ఎలా చేయాలో తెలుసు, చేసి చూపించగలడు, చేస్తాడు. మన కొత్త ప్రణాళిక కూడా ఒక్కో అంశం పక్కన విద్యార్థి ఏ మెట్టు దాకా రావాలో రాసిపెట్టింది. మన పరీక్షలు ఎన్నో ఏళ్లు మొదటి రెండు మెట్ల దగ్గరే మార్కులు పంచాయి. రోగికి కావలసినవాడు మాత్రం నాలుగో మెట్టు మీదున్న డాక్టరే. రెండో మెట్టు నుంచి అక్కడికి ఎక్కే దారిలోనే సొరకాయ ఉంది, ఆనీ బొమ్మ ఉంది, నటించే రోగి ఉంది. రేపు మన సిర కోసం వెతికే చెయ్యి ఆ దారినే వచ్చిందైతే, ఆ పాత మాటను మనం మర్చిపోవచ్చు.