మన గొంతు మనకే కొత్తా?

సెల్‌ఫోనులో రికార్డు చేసిన మీ మాటలు ఎప్పుడైనా విన్నారా? "ఛీ, ఇది నా గొంతు కాదు" అనుకునే ఉంటారు. స్నేహితులేమో అచ్చం నీ గొంతే అంటారు.

వాళ్ళకు మీ మాట గాలి ద్వారానే చేరుతుంది. మీకు రెండు దారుల్లో వస్తుంది: ఒకటి గాలి, రెండవది పుర్రె ఎముక. తక్కువ పౌనఃపున్యం గల కంపనాలు ఎముక గుండా లోపలిచెవికి బాగా చేరతాయి. అందుకే మన గొంతు మనకు గంభీరంగా తోస్తుంది. నమ్మకం లేకపోతే రెండు చెవులూ వేళ్ళతో మూసుకుని "ఊఁ" అనండి. మోత తగ్గాలి కదా, పెరుగుతుంది! ఎముక దారిన వచ్చిన మోత బయటికి పోలేక చెవిలోనే నిలుస్తుంది.

ఈ రెండు దారులనూ పోల్చి చెవిని పరీక్షించే పద్ధతిని 1855లో జర్మనీ వైద్యుడు రిన్నే వివరించాడు. దానికి కావలసింది మీ ప్రయోగశాలలో ఉండే శృతిదండమే. దాన్ని రబ్బరు దిమ్మకు కొట్టి, కాడను చెవి వెనుక ఎముకకు ఆనించాలి. మోత ఆగిందనగానే కొమ్ములను చెవి దగ్గరకు తేవాలి. ఆరోగ్యంగా ఉన్న చెవికి అది మళ్ళీ వినిపిస్తుంది. గాలి దారిలో కర్ణభేరి, మూడు చిన్న ఎముకలు శబ్దాన్ని పెంచి పంపుతాయి మరి. ఎముక దారే మెరుగ్గా ఉంటే లోపం బయటిచెవిలోనో, మధ్యచెవిలోనో ఉండవచ్చు. గట్టిపడ్డ గులిమి, చీము, కర్ణభేరికి చిల్లు వంటివి. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది.

తరగతిలో పిలిస్తే పలకని పిల్లవాణ్ణి పరాకు మనిషి అంటారు. అది పరాకు కాక గులిమి కావచ్చు! అలాంటివారు మీ బెంచీలో ఉంటే మాస్టారికి చెప్పండి. పుల్లలు, పిన్నులు పెట్టి మీరే వైద్యం చేయకండి. చెవి డాక్టరు సాధారణంగా 512 హెర్ట్జ్ శృతిదండం వాడతారు. మీ బడిలో ఉన్నదాని మీద అంకె ఎంతుందో చూడండి.