రూపు మార్చిన కరోనా
డెల్టా వ్యాప్తి – వయోజన రోగుల అవస్థ

2021 ఫిబ్రవరి మాసమున మన దేశమునందు దినమునకు కొత్తగా నమోదగుచుండిన కరోనా రోగుల సంఖ్య సుమారు 10,000. అంతకు పూర్వము 2020 సెప్టెంబరులో ఆ సంఖ్య 97,000 దాటియుండెను. కావున వ్యాధి వెడలిపోయినదని సామాన్యులే గాక పెద్దలు సైతము తలంచిరి. పెండ్లిండ్లు మరల వైభవముగా జరిగెను, బజారులు నిండెను, ముక్కు, నోరు కప్పుకొను గుడ్డ గడ్డము క్రిందికి జారెను. అటుపిమ్మట మూడు నెలలు గడవకముందే, మే 7వ తేదీన వెల్లడియైన లెక్కలో, ఒక్క దినమునకు 4,14,188 మంది రోగులు చేరిరి.

వ్యాధి పాతదే. దానిని కలిగించు వైరసు కూడ ఆ వంశములోనిదే. మారినది దాని రూపు. ఆ మార్పు ఎట్టిది, అది ఇంటింటికి ఎట్లు ప్రాకినది, వయస్సు వచ్చిన స్త్రీ పురుషుల శరీరములందు ఏ దినమున ఏమి చేసినది అను విషయములను ఇచ్చట వివరించుచున్నాము.

కరోనా వైరసు తన వంశచరిత్రను సుమారు 30,000 అక్షరముల పొడవు గల ఒక లిపిలో వ్రాసికొని యుండును. మన శరీరకణములో ప్రవేశించి తన ప్రతులను తీయునపుడెల్ల ఈ లిపిని తిరిగి వ్రాయవలసి యుండును. పూర్వము తాళపత్రములకు నకళ్లు తీసిన లేఖకుల చేతిలో అక్షరములు తప్పిపోయినట్లే, ఇచ్చటను తప్పులు దొరలును. అందు పెక్కు తప్పుల వలన వైరసునకు లాభము లేదు. కొన్నింటి వలన నష్టము. ఎప్పుడో ఒకటి రెండు తప్పులు దానికి మేలు చేయును. అట్టి మార్పులు స్థిరపడిన సంతతినే రూపాంతరమని వ్యవహరించుచున్నాము. 2021 మార్చి 24వ తేదీన ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఇట్టి రూపాంతరమును గూర్చి ప్రకటించినపుడు పత్రికలు దానిని ‘డబుల్ మ్యూటెంట్’ అని వ్రాసెను. తెలుగున అది ‘జంట మార్పుల వైరసు’ అయి, రెండు తలల పాము వలె జనులను భయపెట్టెను. నిజమునకు అందలి మార్పులు రెండు కావు, పది దాటియుండెను. మాటను తెనిగించువారు మరికొంత జాగ్రత్త పడవలసి యుండెను. ఆ తప్పులో ఈ వ్యాసకర్త వంటి అనువాదకులకును పాలు కలదు.

ఈ వంశమునకు చెందిన మొదటి నమూనాలు 2020 అక్టోబరులోనే మన దేశమున సేకరింపబడినవి. 2021 ఫిబ్రవరిలో విదర్భ ప్రాంతమున, ముఖ్యముగా అమరావతి జిల్లాలో, రోగుల సంఖ్య హఠాత్తుగా పెరుగుట మొదటి హెచ్చరిక. పంజాబు, ఢిల్లీలలో అప్పటికి ఇంగ్లండులో పుట్టిన ఆల్ఫా రూపాంతరము ప్రబలముగా నుండెను. ఏప్రిలు నాటికి కొత్త రూపాంతరము దానిని కూడ వెనుకకు నెట్టి దేశమంతటను తానే అయ్యెను. మే 31న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి ‘డెల్టా’ అను గ్రీకు అక్షరము పేరు పెట్టెను. ఏ దేశము పేరును వ్యాధికి తగిలింపరాదను ఉద్దేశముతో చేసిన ఈ ఏర్పాటు చాల మంచిది. పేరు వలన కలుగు కీడు ఎట్టిదో తెలుగువారికి అంతకు ముందే తెలిసినది. ఆ మే నెల మొదట ‘ఆంధ్ర రకము’ అనునది ఒకటి పుట్టినదనియు, అది పాతదాని కంటె 15 రెట్లు ప్రమాదకరమనియు వదంతి వ్యాపించెను. ఎన్440కె అను మార్పు గల ఆ సంతతి అప్పటికే తగ్గిపోవుచున్నదనియు, దాని స్థానమును డెల్టా వంశము ఆక్రమించుచున్నదనియు హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు తెలియజేసిరి. ఈలోగా ఆంధ్రదేశము నుండి వచ్చు ప్రయాణికులను అనుమానముతో చూచుట మాత్రము జరిగిపోయెను.

డెల్టా ఇంత త్వరగా ఎట్లు ప్రాకినది? వైరసు ఉపరితలమున ముండ్ల వంటి మాంసకృత్తులు కలవు. ఈ ముల్లు మన కణము గోడపై నున్న తాళమునకు తాళపుచెవి వంటిది. అయితే తాళములో దూరుటకు ముందు ఆ ముల్లు ఒక తావున తెగి సిద్ధము కావలెను. డెల్టాలో 681వ స్థానమున కలిగిన మార్పు వలన ఈ తెగుట సులువైనది. 452వ స్థానపు మార్పు వలన, పూర్వము వ్యాధి సోకుటచే గాని టీకాచే గాని శరీరమున ఏర్పడిన రక్షకపదార్థములలో కొన్ని దానిని గుర్తింపలేకపోయెను. ఫలితముగా వైరసు కణములలోనికి శీఘ్రముగా చొచ్చుకొని, గొంతులోను ముక్కులోను అధికముగా పెరిగెను. మొదటి వైరసు సోకిన ఒక్కరు సగటున ఇద్దరు ముగ్గురికి అంటింపగా, డెల్టా సోకినవారు అడ్డులేనిచోట అయిదారుగురికి అంటింపగలిగిరి. పైగా వైరసు సోకిన పిమ్మట లక్షణములు పొడసూపుటకు పట్టు కాలము కూడ సుమారు నాలుగు దినములకు తగ్గెను. మొదట ఇంటి యజమానికి, మూడవనాడు భార్యకు, అయిదవనాడు తల్లిదండ్రులకు జ్వరము వచ్చుట ఆ వేసవిలో ఎన్నో ఇండ్లలో చూచిన దృశ్యమే.

వ్యాప్తి మార్గము మాత్రము మారలేదు. దగ్గినపుడు పడు పెద్ద తుంపరలు రెండు మీటర్ల లోపల నేల రాలును. మాటాడినపుడు, పాడినపుడు, కేవలము ఊపిరి విడిచినపుడు సైతము వెలువడు అతి సూక్ష్మకణములు గాలిలో తేలుచు పది మీటర్ల వరకు పోగలవని కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు కార్యాలయము 2021 మేలో ప్రకటించెను. దీనిని బట్టి బల్లలను, తలుపు గొళ్లెములను కడుగుట కంటె కిటికీలు తెరచుట ఎక్కువ ప్రయోజనకరమని స్పష్టమగుచున్నది. ఎండకు తాళలేక తలుపులు బిగించి చల్లని గాలి యంత్రము వేసికొన్న గదిలో, ఒకే గాలిని నలుగురు పీల్చుకొనుట కంటె ఈ వైరసు కోరునది మరొకటి లేదు. మనము చేతులకు సబ్బు రాచిన శ్రద్ధలో సగమైనను గాలిపై చూపి యుండలేదు.

ఇక వయోజనుల సంగతి. ఈ రెండవ విజృంభణము యువకుల వ్యాధి యని అప్పట్లో విరివిగా చెప్పుకొనిరి. భారత వైద్య పరిశోధన మండలి వారి ఆసుపత్రి నమోదులను పరిశీలింపగా, చేరిన రోగుల సగటు వయస్సు మొదటిసారి ఇంచుమించు 51 ఏండ్లు, రెండవసారి 49 ఏండ్లు. అనగా రెండేండ్ల తేడా మాత్రమే. మరి ముప్పది, నలువది ఏండ్ల వారి మరణములు ఇన్ని వినబడుటకు కారణమేమి? సోకినవారి సంఖ్యయే అపారమైనది గనుక, అందు అల్పభాగమైనను వేలకొలది సంసారముల కాధారమైన వారై యుండిరి. అంతియేగాక, ఆసుపత్రిలో చేరిన వారిలో మరణించిన వారు నూటికి సుమారు 10 నుండి 13కు పెరిగిరి. ఇంగ్లండులో జరిగిన పరిశీలనమునందును, ఆల్ఫా సోకినవారి కంటె డెల్టా సోకినవారు ఆసుపత్రిలో చేరవలసివచ్చు అవకాశము రెట్టింపునకు మించి యుండెను.

వ్యాధి నడక గుర్తుంచుకొనదగినది. మొదటి నాలుగయిదు దినములు జ్వరము, గొంతునొప్పి, ఒడలినొప్పులు, తలనొప్పి, కొందరికి విరేచనములు. తరువాత పెక్కుమందికి తగ్గుముఖము పట్టును. అయితే కొందరిలో అయిదవ దినము మొదలు పదవ దినము వరకు గల కాలము వేరొక వ్యాధి వంటిది. అప్పటికి వైరసు తగ్గుచుండును గాని, దానిపై లేచిన శరీరరక్షణ శక్తి హద్దు మీరి తన ఊపిరితిత్తులనే వాపునకు గురిచేయును. గాలి తిత్తులు నీరు పట్టి, రక్తములో ప్రాణవాయువు తగ్గనారంభించును. వింత ఏమనగా, ఇట్లు తగ్గుచున్నను రోగికి ఆయాసము తెలియకపోవచ్చును. అతడు మంచముపై కూర్చుండి ఫోనులో మాటాడుచునే యుండును. వ్రేలికి తగిలించిన ఆక్సీమీటరు మాత్రము 88 చూపును. ‘జ్వరము తగ్గినది, ఇక భయము లేదు’ అని ఇంటివారు ఊరటపడు దినమును, అపాయము ప్రవేశించు దినమును ఒకటే యగుట ఈ వ్యాధిలోని మోసము.

అందుచే దినములు లెక్కించుట ముఖ్యము. పరీక్ష ఫలితము వచ్చిన దినము నుండి గాక, మొదటి లక్షణము కనబడిన దినము నుండి లెక్కింపవలెను. పట్టణములందే ఫలితము మూడు నాలుగు దినములు ఆలస్యమైన ఆ రోజులలో ఈ పొరపాటు ఎందరికో చేటు తెచ్చినది. విశ్రాంతిగా నున్నపుడు ఆక్సీమీటరు 94 కంటె తక్కువ చూపినచో వైద్యుని చూడవలెను. కూర్చున్నపుడు బాగుగనే యున్నను, గదిలో ఆరు నిమిషములు నడచిన పిమ్మట అంకె పడిపోయినచో అదియును హెచ్చరికయే. చల్లబడిన వ్రేళ్లును, గోళ్లరంగును ఈ యంత్రమును మోసగించును గనుక వాటిని సరిచూచుకొనవలెను. ఆసుపత్రి చేరులోపల బోర్ల పరుండి, ఛాతి క్రిందను మోకాళ్ల క్రిందను దిండ్లు పెట్టుకొని ఊపిరి పీల్చినచో ప్రాణవాయువు కొంత పెరుగును. 2021 ఏప్రిలులో మంత్రిత్వ శాఖ బొమ్మలతో ప్రచురించిన ఈ సలహా, మంచములు దొరకని ఆ దినములలో ఎందరికో ఆధారమయ్యెను. గర్భవతులు ఇట్లు పరుండరాదు.

ప్రాణవాయువు కొరత గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. మొదటి విజృంభణమున దేశమునకు అత్యధికముగా దినమునకు 3,095 టన్నులు కావలసి రాగా, రెండవదానిలో అది ఇంచుమించు 9,000 టన్నులకు చేరెను. మహారాష్ట్ర నుండి వచ్చిన ఖాళీ టాంకర్లు విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారమున నిండి, మొదటి ఆక్సిజను రైలుగా ఏప్రిలు నెలలోనే నాగపూరు, నాసిక్ చేరెను. ఇనుమును కరగించుటకు తయారైన వాయువు మనుష్యులకు ఊపిరి యయ్యెను.

మందుల విషయమున జరిగిన పొరపాటు అంతకంటె విచారకరము. డెక్సామెథసోను అను చవుక స్టెరాయిడు ప్రాణములు కాపాడునని 2020 జూనులోనే రుజువైనది. అయితే ప్రాణవాయువు పెట్టవలసివచ్చిన రోగులకు మాత్రమే; అక్కరలేనివారికి లాభము లేకపోగా కీడు కలుగవచ్చును. ఈ రెండవ సగమును మనవారు వినలేదు. వాట్సాపులో తిరిగిన చీటీలను చూచి, మొదటి జ్వరము నాడే స్టెరాయిడు మ్రింగినవారు అనేకులు. మధుమేహము విస్తారముగా గల మన దేశమున దీని ఫలితము త్వరలోనే కనబడెను. రక్తమున చక్కెర పెరిగి, రోగనిరోధము అణగి, గాలిలోను మట్టిలోను ఎల్లప్పుడు నుండు ఒక బూజు ముక్కు ఎముకలను, కంటిని, కొందరిలో మెదడును తినివేసెను. జనులు దీనిని బ్లాక్ ఫంగస్ అనిరి. వైద్యుల భాషలో మ్యూకర్ మైకోసిస్. హైదరాబాదు కోఠీలోని చెవి ముక్కు గొంతు ఆసుపత్రి దీనికి ప్రత్యేక కేంద్రమయ్యెను. ముఖమున ఒక ప్రక్క నొప్పి, తిమ్మిరి, ముక్కు నుండి నల్లని స్రావము, చూపు రెండుగా కనబడుట దీని తొలి గుర్తులు. కరోనా నుండి బయటపడితిమని సంతోషించిన కుటుంబములు కొన్ని, ఒక కన్ను తీయించుటకు సమ్మతిపత్రముపై వ్రేలిముద్ర వేయవలసి వచ్చెను.

టీకా మాటకు వచ్చినచో, డెల్టాకు ఎదురుగా ఒక్క మోతాదు చాలదని ఇంగ్లండు లెక్కలు చూపెను. మన కోవిషీల్డు జాతి టీకా ఒక మోతాదు వలన లక్షణములతో కూడిన వ్యాధి నుండి రక్షణ నూటికి సుమారు 30 మాత్రమే. రెండు మోతాదులచే 67. తీవ్రవ్యాధి నుండి రక్షణ ఇంకను ఎక్కువ. 18 ఏండ్లు నిండిన వారికెల్ల టీకా 2021 మే 1న అనుమతింపబడినది గాని, అప్పటికి వ్యాధి శిఖరమునకు చేరుచుండెను. జూను, జూలై నెలలలో జరిగిన రక్తపరీక్షలలో ఆరేండ్లు దాటినవారిలో నూటికి 67.6 మందికి రక్షకపదార్థములు కనబడెను; అందు పెక్కుమందికి అవి వ్యాధి సోకుట వలన వచ్చినవే.

2021 డిసెంబరు 2న కర్ణాటకమున మొదటి ఒమిక్రాను రోగులు ఇద్దరు బయటపడిన పిమ్మట డెల్టా క్రమముగా కనుమరుగయ్యెను. తరువాత వచ్చిన జె.ఎన్.1 మొదలగునవి అన్నియు ఒమిక్రాను సంతతియే. 2025 మే, జూను నెలలలో రోగులు కొంత పెరిగినపుడు కూడ అవియే తిరుగాడెను. ఇవి ఎక్కువగా గొంతునే పట్టుకొనును. పెక్కుమందికి మూడు నాలుగు దినముల జలుబుతో పోవును. కాని అరువది దాటినవారు, మధుమేహము, మూత్రపిండముల వ్యాధి, గుండె జబ్బు గలవారు, కాన్సరుకు మందులు వాడుకొనువారు వీటిని జలుబని వదలివేయరాదు. అట్టివారింట ఎవరికి దగ్గు వచ్చినను కిటికీలు తెరచి, ముక్కు నోరు కప్పుకొని, మొదటి లక్షణము కనబడిన తేదీని గోడనున్న క్యాలెండరుపై గుర్తువేసి యుంచవలెను. వైద్యుడు అడుగు మొదటి ప్రశ్న అదియే.