పెద్దాసుపత్రికి పోతే

అత్తకు రెండు నెలలుగా దగ్గు. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడుతుంది. అన్నం సయించదు. రవికెలన్నీ వదులయ్యాయి. కోడలికి ఐదో నెల. ఇద్దరూ తెల్లవారుజామునే బస్సెక్కారు. జిల్లా ఆసుపత్రికి బయలుదేరారు.

అత్త అక్కడికి పోవడం ఇది రెండోసారి. నెల కిందట ఒక్కతే పోయింది. డాక్టరు తెమడ పరీక్ష రాశాడు. ఎవరో చిన్న డబ్బీ చేతిలో పెట్టారు. అందులో ఉమ్మి ఇచ్చింది. "రిపోర్టుకు మధ్యాహ్నం రా పెద్దమ్మా" అన్నారు. మధ్యాహ్నం దాకా ఉంటే ఊరి బస్సు పోతుంది. ఆమె వచ్చేసింది. ఆ చీటీ ఏమైందో తెలియదు. ఊళ్ళో మాత్రం "పరీక్ష చేయించుకున్నా, ఏమీ లేదు" అని చెప్పింది. ఏమీ లేదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అసలు ఎవరూ ఏమీ చెప్పలేదు, అంతే.

పరీక్ష అంటే తెమడ ఇచ్చి రావడం కాదు. రక్తం ఇచ్చి రావడమూ కాదు. ఇచ్చినదానికి రిపోర్టు రావాలి. ఆ రిపోర్టు డాక్టరు చూడాలి. చూసి ఏం చేయాలో చెప్పాలి. అప్పటికి పరీక్ష పూర్తయినట్టు. చాలామంది నడుమనే ఆగిపోతారు. కొందరికి దారి తెలియదు. కొందరికి అడగాలంటే బెరుకు. కొందరికి కూలి పోతుందని బెంగ.

ఓ.పి. చీటీ

ఆసుపత్రిలో మొదటి కిటికీ ఓ.పి. కౌంటరు. ఇది పొద్దున పూటే తెరుస్తారు. మధ్యాహ్నానికి మూసేస్తారు. అందుకే పెందలాడే చేరుకోవాలి. ఇక్కడ పేరు, వయసు, ఊరు, ఫోను నంబరు చెప్పాలి. ఆధార్ కార్డు ఉంటే చూపాలి.

కౌంటరులో అత్త తన పిలుపు పేరు చెప్పబోయింది. కోడలు ఆపింది. "అత్తా, కార్డులో ఉన్న పేరే చెప్పు" అంది. ఇది చిన్న మాట కాదు. చీటీలో ఒక పేరు, లాబులో ఇంకో పేరు ఉంటే రిపోర్టు దొరకదు. ఒకరి రిపోర్టు ఇంకొకరికి పోయినా పోతుంది. చీటీ చేతికి రాగానే పేరు, వయసు సరిగా రాశారో లేదో చదువుకోవాలి. తప్పు ఉంటే అక్కడే దిద్దించుకోవాలి.

చీటీ మీద ఒక నంబరు ఉంటుంది. ఆ రోజు ఏ గదికి పోయినా ఆ నంబరే అడుగుతారు. చీటీని నడుముకు దోపుకుంటే చెమటకు అక్షరాలు చెదిరిపోతాయి. ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోవాలి. పాత చీటీలు, వాడుతున్న మందుల అట్టలు కూడా అందులోనే ఉండాలి.

దెబ్బలు తగిలినా, పాము కరిచినా, ఊపిరాడకపోయినా ఈ వరసలో నిలబడే పని లేదు. నేరుగా క్యాజువాలిటీకి పోవాలి. అది రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. కాన్పు నొప్పులు వస్తే కాన్పుల వార్డుకు పోవాలి. చీటీ సంగతి తరువాత చూసుకోవచ్చు.

ఏ గది ఎక్కడో తెలియకపోతే సహాయ కౌంటరులో అడగాలి. కొన్ని చోట్ల ఆ కౌంటరు బోర్డు ఇంగ్లీషులోనే ఉంటుంది. సహాయం కావలసిన వాళ్ళకు అది చదవడం రాదు. బోర్డు రాయించిన వాళ్ళకు ఆ సంగతి తోచలేదు.

తెమడ, ఉమ్మి ఒకటి కాదు

రెండు వారాలు దాటి దగ్గు ఉంటే క్షయ పరీక్ష చేయించుకోవాలి. క్షయనే టి.బి. అంటారు. తెమడను కొన్ని ఊళ్ళలో గళ్ళ అంటారు, కొన్ని చోట్ల కళ్ళె అంటారు. అది గుండెల లోపలి నుంచి దగ్గితే వస్తుంది. నోట్లో ఊరేది ఉమ్మి. ఉమ్మిలో టి.బి. పురుగు దొరకకపోవచ్చు. జబ్బు ఉన్నా లేదని రావచ్చు. నెల కిందట అత్త ఇచ్చింది ఉమ్మే.

ఈసారి లాబు అమ్మాయి నిదానంగా చెప్పింది. "పెద్దమ్మా, నీళ్ళతో నోరు పుక్కిలించు. బయట చెట్టు కిందికి పో. పక్కన ఎవరూ ఉండకూడదు. గట్టిగా రెండు మూడుసార్లు ఊపిరి పీల్చు. లోపలి నుంచి దగ్గు. వచ్చింది డబ్బీలో వేసి మూత బిగించు."

అత్త ఒక డబ్బీ ఇచ్చింది. ఇంకో డబ్బీ ఇంటికి ఇచ్చారు. మరునాడు లేవగానే, ఏమీ తినకముందే, తెమడ పట్టి తేవాలి. రాత్రంతా లోపల చేరిన తెమడ పొద్దున బాగా వస్తుంది. ఆసుపత్రి దూరమైతే దగ్గరి పి.హెచ్.సి.లో ఇవ్వవచ్చేమో ఆశా కార్యకర్తను అడగాలి.

ఇదివరకు తెమడను సూక్ష్మదర్శినిలో చూసేవాళ్ళు. ఇప్పుడూ చూస్తారు. దానితో పాటు కొత్త మిషన్లు వచ్చాయి. వాటిలో టి.బి. ఉందో లేదో రెండు గంటల్లోపే తెలుస్తుంది. ముఖ్యమైన మందు ఒకటి ఆ రోగికి పనిచేస్తుందో లేదో కూడా తెలుస్తుంది. ఈ పరీక్షకు సర్కారు ఆసుపత్రిలో డబ్బు కట్టనక్కరలేదు.

డబ్బీ ఇచ్చేటప్పుడు కోడలు రెండు మాటలు అడిగింది. "రిపోర్టు ఎప్పుడిస్తారు? ఎక్కడిస్తారు?" లాబు అమ్మాయి చీటీ వెనుక రాసింది: రేపు పది గంటలు, 14వ గది. కిందటిసారి అత్త ఈ రెండు మాటలూ అడగలేదు. మధ్యాహ్నం రిపోర్టు వచ్చినా ఓ.పి. డాక్టరు ఉండకపోవచ్చు. అప్పుడు మళ్ళీ మరునాడు రావాలి. ముందే తెలిస్తే కూలి పనికి, బస్సుకు సర్దుకోవచ్చు.

ఎక్సురే గది

అత్తకు గుండెల ఎక్సురే కూడా రాశారు. ఆమెకు కళ్ళు తిరుగుతున్నాయి. పట్టుకుందామని కోడలు లోపలికి పోబోయింది. అక్కడి మనిషి ఆపి, "నీకు కడుపా అమ్మా?" అని అడిగాడు. మంచిపనే చేశాడు. ఎక్సురే కిరణాలు కడుపులో బిడ్డకు మంచివి కావు. గర్భిణి ఆ గదిలో నిలబడకూడదు. కడుపుతో ఉన్నామని ఎవరూ అడగకపోయినా చెప్పాలి. నెల తప్పిందని అనుమానం ఉన్నా చెప్పాలి.

గుండెల ఎక్సురేకు మెడలో గొలుసు, రవికె పిన్నులు తీయమంటారు. పుస్తెలు కూడా తీయమంటారు. లోహం నీడ ఊపిరితిత్తుల మీద పడుతుంది. ఆ నీడ వెనుక జబ్బు ఉన్నా కనపడదు. పుస్తెలు తీయాలంటే అత్తకు చేతులాడలేదు. కోడలు వాటిని తన కొంగున ముడి వేసుకుంది. రెండు నిమిషాల్లో మళ్ళీ మెడలో వేసింది.

రక్తం తీస్తే నీరసం వస్తుందా?

కోడలికి రక్త పరీక్షలు రాశారు. నాలుగు సీసాలు చూసి ఆమె బెదిరింది. నాలుగింటికీ కలిపి తీసేది రెండు మూడు టీ చెంచాల రక్తమే. ఒంట్లో నాలుగు లీటర్లకు పైగా రక్తం ఉంటుంది. తీసింది ఒంట్లో మళ్ళీ ఊరుతుంది. సీసాల మూతల రంగులు వేరువేరు. ఊదా మూత సీసాలో రక్తం గడ్డ కట్టదు, అందులో రక్తకణాలు లెక్కపెడతారు. బూడిద రంగు మూతది చక్కెర చూడడానికి. అందుకే ఒకే సీసా చాలదు. సీసా మీద తన పేరే రాశారా అని ఆమె అడిగి చూసుకుంది.

గర్భిణికి రక్తం ఎంత ఉందో చూస్తారు. అది 11 ఉండాలి. అంతకు తగ్గితే రక్తహీనత. 7 కంటే తగ్గితే ప్రాణానికే ముప్పు, ఆసుపత్రిలో చేరవలసి రావచ్చు. కోడలికి 9 వచ్చింది. ఐరన్ మాత్రలు రాశారు. ఆ మాత్రలు టీతో, పాలతో వేసుకోకూడదు. వేసుకుంటే ఒంటికి సరిగా పట్టవు. మలం నల్లగా వస్తుంది. దానికి భయపడి మాత్రలు మానకూడదు.

చక్కెర కోసం 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించారు. తాగిన రెండు గంటలకు రక్తం తీయాలి. ఈలోగా ఏమీ తినకూడదు, ఊరికి పోకూడదు. 140 గాని అంతకు పైన గాని వస్తే గర్భిణికి చక్కెర ఉన్నట్టు. ఇవి కాక రక్తం గ్రూపు, మూత్రం, బి.పి. చూస్తారు. హెచ్.ఐ.వి. పరీక్షకు ముందు వేరే గదిలో కూర్చోబెట్టి మాట్లాడతారు. ఒప్పుకుంటేనే ఆ పరీక్ష చేయాలి. ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు. 2017 చట్టం అదే చెబుతోంది. ఒకవేళ ఉందని వచ్చినా తల్లి మందులు వాడితే బిడ్డను చాలావరకు కాపాడవచ్చు.

ఐదో నెలలో స్కానింగులో బిడ్డ అవయవాలు సరిగా ఉన్నాయో లేదో చూస్తారు. ఆడా, మగా అని అడగకూడదు, వాళ్ళు చెప్పకూడదు. 1994 చట్టం ప్రకారం అది నేరం.

గర్భిణికి సర్కారు ఆసుపత్రిలో పరీక్షలు, మందులు, కాన్పు, ఆపరేషను, ఎక్కించే రక్తం అన్నీ ఉచితం. 2011 నుంచి ఈ పథకం ఉంది. కాన్పు తరువాత ఇంటికి బండి కూడా ఉంది. దానికి 102కు ఫోను చేయాలి. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులను డాక్టర్లు ప్రత్యేకంగా చూస్తారు. 2016 నుంచి ఇది నడుస్తోంది.

అత్తకూ చక్కెర పరీక్ష రాశారు. టి.బి. అనుమానం ఉన్నవాళ్ళకు చక్కెర, హెచ్.ఐ.వి. కూడా చూస్తారు. ఆమె దారిలో ఇడ్లీ తిన్నది. పరగడుపు పరీక్షకు ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్ళు తాగవచ్చు. అందుకని ఆ పరీక్ష మరునాటికి పడింది.

చెయ్యి పట్టుకునేవాళ్ళు

పెద్దాసుపత్రిలో గదులు, మిషన్లే కాదు, సాయానికి మనుషులూ ఉంటారు. ఆపరేషను అవసరమైతే ఆరోగ్యమిత్రను కలవాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. వైద్య సేవ పనులు ఆ బల్ల దగ్గరే జరుగుతాయి. కార్డు, ఆధార్ తీసుకుపోవాలి.

ఇంట్లో కొట్టారనో, కాల్చారనో, పాడుచేశారనో వచ్చిన ఆడమనిషికి పోలీసు కాగితం లేదని వైద్యం ఆపకూడదు. అత్యాచారం జరిగినా, యాసిడ్ పోసినా ప్రైవేటు ఆసుపత్రి కూడా ఉచితంగా చూడాలి. అది చట్టం. సఖి కేంద్రం వాళ్ళు తోడు వస్తారు. దానికి 181 నంబరు.

రక్తం కావాలంటే ఆసుపత్రి బ్లడ్ బ్యాంకు ఉంది. బయట డబ్బుకు రక్తం అమ్మే మనిషిని నమ్మకూడదు. 1998 నుంచి రక్తం అమ్మకం నిషేధం. ఇంట్లో మగవాళ్ళు ఇవ్వడానికి వెనకాడతారు, వాళ్ళను ముందుకు తోయాలి.

స్ట్రెచరు తోసినందుకో, బిడ్డను చూపినందుకో కొందరు చేయి చాపుతారు. ఇవ్వనక్కరలేదు. ఇవ్వకపోతే సరిగా చూడరనే భయం అందరికీ ఉంటుంది. ఆ భయం మీదే ఆ డబ్బు వసూలవుతుంది. ఆసుపత్రి పెద్దను సూపరింటెండెంటు అంటారు. ఆ గది ఎక్కడో తెలిసి ఉండాలి. తెల్ల కాగితం మీద తేదీ, జరిగింది రాసి సంతకం పెట్టి ఇవ్వవచ్చు. నలుగురు కలిసి పోతే ఇంకా మంచిది.

14వ గది

మరునాడు పది గంటలకు అత్త 14వ గది ముందు ఉంది. అంకెలు చదివి తానే కనుక్కుంది. రిపోర్టు వచ్చింది. అందులో ఉన్నది ఇంగ్లీషు. ఆమె దాన్ని మడిచి పెట్టుకోలేదు. నేరుగా డాక్టరమ్మ చేతికి ఇచ్చింది.

టి.బి. ఉంది.

అత్త ముఖం వాడిపోయింది. "కోడలు వట్టి మనిషి కాదమ్మా, దానికి అంటుకుంటే?" అంది. డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. మందులు మానకుండా వాడితే ఇది నయమయ్యే జబ్బు. మామూలు టి.బి.కి ఆరు నెలల మందులు, అన్నీ ఉచితం. మందులు మొదలుపెడితే కొద్ది వారాల్లోనే ఇంకొకరికి అంటించడం బాగా తగ్గుతుంది. అందాకా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. గాలి వచ్చే చోట పడుకోవాలి. కంచాలు, గ్లాసులు వేరు చేయనక్కరలేదు. ఇది దగ్గుతో గాలిలో వస్తుంది, కంచంతో రాదు. ఇంట్లో వాళ్ళందరినీ పరీక్షకు తీసుకురావాలి. కోడలిని ముందు తేవాలి.

మాత్రలు వేసుకున్నాక మూత్రం నారింజ రంగులో వస్తుంది. అది రక్తం కాదు, మందు రంగు. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా వెంటనే రావాలి. ఒంట్లో బాగుందని రెండో నెలలో మానేస్తే జబ్బు మొండికేస్తుంది. అప్పుడు మందులు పెద్దవి, రోజులు ఎక్కువ.

తిండి కోసం నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. 2018లో ఇది 500తో మొదలైంది, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. దానికి బ్యాంకు పుస్తకం నకలు ఇవ్వాలి. ఖాతా కొడుకు పేరున ఉందని అత్త చెప్పింది. "నీ పేరున తెరువు పెద్దమ్మా" అంది అక్కడి అమ్మాయి.

రెండు నెలలు నిండాక మళ్ళీ తెమడ ఇవ్వాలి. ఇంటికి రాగానే అత్త గోడ మీది క్యాలెండరు దించింది. ఆకులు తిప్పి ఆ తేదీ చుట్టూ పెన్సిలుతో సున్న చుట్టింది. పక్కన '14' అని రాసింది.