మనవాడు లేని మల్లయుద్ధం!

పల్నాడంటే పౌరుషం! కోడిపందెంతో రాజ్యాలే తారుమారైన గడ్డ! ఆ గడ్డమీద, నరసరావుపేటలో మా ముందుగదిలో, 1990లలో జరిగిన ఇంకో పోరు సంగతి చెబుతాను, వినండి.

రంగస్థలం టీవీ. ఆయుధం వీడియో గేమ్ క్యాసెట్. పేరు స్ట్రీట్ ఫైటర్ టూ!

మా బావ హైదరాబాదు వెళ్లి, బిళ్లలు వేసి ఆడే పెద్ద మిషన్ మీద ఆ ఆట చూసొచ్చాడు. వచ్చినప్పట్నించీ ఒకటే పాట. "ఒరేయ్, అందులో మనోడున్నాడ్రా! ధాల్సిమ్! యోగా చేస్తాడు, నిప్పులు కక్కుతాడు, నిలబడ్డచోటు నుంచే చెయ్యి సాగదీసి గుద్దుతాడు!"

దసరా డబ్బులు కూడబెట్టి క్యాసెట్ కొన్నాం. పెట్టాం. తెరమీద నలుగురే వీరులు!

"ఏంది బావా, మనోడేడి?"

"మోసంరా!" అన్నాడు బావ. ఆ పూట అన్నం తినలేదు.

మోసమా? సగం నిజం. క్యాప్‌కామ్ వారు 1991లో తెచ్చిన అసలు ఆటలో మనం ఎంచుకోవడానికి 8 మంది. గుద్దులకు 3, తన్నులకు 3 బటన్లు. మా ఇంట్లోదేమో 1983 నాటి నింటెండో ఫ్యామికామ్‌కు నకలు. కొట్టడానికి రెండే బటన్లు! తెరమీద ఒక అడ్డగీతలో కదిలే ముక్కలు 8 దాటితే తొమ్మిదోది మాయం. ఇక చేతులు సాగే ధాల్సిమ్‌ను అందులో ఇరికించడం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి! అనుమతి లేకుండా చేసిన ఆటే... అయినా అంత చిన్న పెట్టెలో ఆ నలుగుర్నీ కొట్లాడించినవాడు ఘటికుడే!

ఇది మా ఒక్కరి గోడే కాదు సుమండీ! 1997లో బ్రెజిల్‌లో టెక్‌టాయ్ కంపెనీ ఇదే ఆటను, అప్పటికే పాతబడ్డ సెగా మాస్టర్ సిస్టమ్ మీదికి తెచ్చింది. వాళ్ల దేశపు వీరుడు బ్లాంకా అందులో ఉన్నాడు. ధాల్సిమ్ మాత్రం అక్కడా లేడు!

అన్నట్టు, 1994లో హాలీవుడ్ తీసిన 'స్ట్రీట్ ఫైటర్' చిత్రంలో ధాల్సిమ్ ఎవరో తెలుసా? 'గాంధీ'లో నెహ్రూగా నటించిన రోషన్ సేథ్!

మొన్న సంక్రాంతికి బావ కొడుకు కొత్త మిషన్ తెచ్చాడు. పాత స్ట్రీట్ ఫైటర్లన్నీ కలిపి 2018లో విడుదల చేసిన సంపుటి అందులో ఉంది. బావ కళ్లద్దాలు సర్దుకుని తిన్నగా ధాల్సిమ్ మీద ఆపాడు. పాతికేళ్లు దాటిన పగ మరి!

ధాల్సిమ్ చెయ్యి బారుగా సాగింది. అయినా మూడు నిమిషాల్లో కొడుకు చేతిలో చిత్తు!

"ఏంది బావా, మనోడున్నా ఓడిపోయావే?"

బావ వేళ్లు విరుచుకుంటూ నవ్వాడు. "వాడి చేతులు సాగుతున్నాయిరా... నా వేళ్లే సాగట్లా!"

ఆ పూట మాత్రం అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు.