పిడుదుల వల్ల వచ్చే అనాప్లాస్మా జ్వరం: మూత్రం ఎర్రబడలేదని అశ్రద్ధ చేయరాదు

సంఘాల తనిఖీకి వెళ్లినప్పుడు నేను ముందుగా తెరిచేది పాల సేకరణ పుస్తకం. లెక్కల తప్పులే కాదు, పశువుల జబ్బులు కూడా అందులో కనిపిస్తాయి. ఒక సంఘంలో ఒక సభ్యుడి పేరుకు ఎదురుగా ఉదయం పూట 7 లీటర్లు పోసే పాలు నాలుగు రోజుల్లో 2 లీటర్లకు దిగి, ఆ తరువాత గళ్లన్నీ ఖాళీగా ఉన్నాయి. విచారించగా ఆ సంకరజాతి ఆవు చనిపోయిందని తెలిసింది.

“జ్వరం వచ్చిందండీ. ఒంటి మీద పిడుదులు ఉన్నాయి గాని మూత్రం మామూలుగానే ఉంది. ఎర్రమూత్రం కాదు గదా, ఎండ దెబ్బ అయి ఉంటుందిలే అనుకున్నాం” అన్నాడాయన. అయిదు రోజులు చూసి, ఆరో రోజు మిట్టమధ్యాహ్నం పశువైద్యశాలకు నడిపించుకుపోగా ఆవు దారిలోనే కూలిపోయింది. రక్తపు పూత పరీక్షించిన డాక్టరుగారు అది అనాప్లాస్మా వ్యాధి అని చెప్పారు. ఆవు పోయింది, దాని మీద తీసుకున్న అప్పు వాయిదాలు మిగిలాయి. ఇటువంటి నష్టం మరొక సభ్యునికి రాకూడదనే ఈ నాలుగు మాటలు.

ఏమిటీ వ్యాధి?

పిడుదులు (కొన్ని జిల్లాల్లో గోమార్లు అంటారు) పశువులకు మూడు ముఖ్యమైన రక్తసంబంధమైన జబ్బులు తెస్తాయి. ఎర్రమూత్రం తెచ్చే బెబీసియా, గ్రంథులు వాచే థైలీరియా సభ్యులకు చాలావరకు తెలిసినవే. ఇవి ఏకకణ జీవుల వల్ల వస్తాయి. మూడవదైన అనాప్లాస్మా మాత్రం ఒక సూక్ష్మమైన బాక్టీరియా. ఇది ఎర్రరక్తకణాల లోపల, అంచుకు చేరి పెరుగుతుంది.

దీనిని గుర్తించడంలో శాస్త్రజ్ఞులు కూడా మొదట పొరబడ్డారు. 1893లో అమెరికాలో పిడుదుల జ్వరాన్ని పరిశోధించిన స్మిత్, కిల్‌బోర్న్‌లు రక్తకణాల అంచున ఈ చుక్కలను చూసి, ఎర్రమూత్రపు క్రిమిలోనే ఒక దశ అనుకున్నారు. 1910లో దక్షిణాఫ్రికాలో ఆర్నాల్డ్ థైలర్ ఇది వేరే వ్యాధి అని తేల్చారు.

మూత్రం ఎందుకు ఎర్రబడదు?

బెబీసియాలో ఎర్రకణాలు రక్తనాళాల్లోనే పగిలిపోతాయి. ఆ ఎరుపు మూత్రంలో దిగుతుంది. అనాప్లాస్మాలో జబ్బు సోకిన కణాలను ప్లీహం మొదలైన అవయవాలు పట్టి నాశనం చేస్తాయి. రక్తం తగ్గిపోతుంది గాని మూత్రంలో ఎరుపు కనిపించదు. దానికి బదులు కామెర్లు తేలుతాయి. కావున మూత్రం చూసి ధైర్యపడకుండా, కంటి రెప్ప తిప్పి చూడవలెను.

లక్షణాలు

సాధారణంగా వ్యాధి సోకిన మూడు నుంచి అయిదు వారాలకు లక్షణాలు కనబడతాయి. 104 నుంచి 106 డిగ్రీల వరకు జ్వరం, పాలు హఠాత్తుగా తగ్గడం, నెమరు వేయకపోవడం మొదటి గుర్తులు. తరువాత కంటి లోపలి పొర, చిగుళ్లు పాలిపోయి, ఆపైన పసుపురంగుకు తిరుగుతాయి. పేడ గట్టిపడి ముదురు రంగులో పడుతుంది. పశువు చిక్కిపోతుంది, రొప్పుతుంది. చూడి ఆవులు ఈసుకుపోవచ్చు.

ఏడాదిలోపు దూడల్లో వ్యాధి తేలికగా పోతుంది. వయసు పెరిగినకొద్దీ తీవ్రత ఎక్కువ. మూడేళ్లు దాటిన పాడి ఆవులకు, ముఖ్యంగా సంకరజాతి వాటికి ప్రాణాపాయం. గేదెల్లో సాధారణంగా ఇంత తీవ్రంగా రాదు.

ఒకే సూదితో ముప్పు

ఈ వ్యాధి పిడుదులతోనే ఆగదు. జోరీగలు కుట్టి ఒక పశువు రక్తాన్ని మరొకదానికి అంటించవచ్చు. అంతకంటె విచారించదగినది, మనమే సూదితో అంటించడం. ఒకే సూదితో వరుసగా పది పశువులకు పొడిపించినా, కొమ్ములు తీసే పనిముట్లను శుభ్రం చేయకుండా వాడినా వ్యాధి పాకుతుంది. కోలుకున్న ఆవు ఆరోగ్యంగా కనిపిస్తూనే ఏళ్ల తరబడి రక్తంలో క్రిమిని మోస్తుంది. అందుచేత సంఘం తరఫున టీకాలు వేయించే రోజున పశువుకొక సూది ఉండేటట్లు కార్యదర్శులు చూడగలరు. సూది ఖర్చు ఆవు ఖరీదు ముందు లెక్కలోనిది కాదు.

చికిత్స

జ్వరం కనబడిన రోజే డాక్టరుకు కబురు చేయాలి. రక్తం తగ్గిన పశువును ఎండలో నడిపించరాదు. నీడన కట్టి, నీరు, పచ్చిమేత అందుబాటులో ఉంచి, డాక్టరునే పశువు వద్దకు తీసుకురావాలి. చెవి నరం నుంచి గాజుపలక మీద తీసిన రక్తపు పూతను పరీక్షిస్తే వ్యాధి తెలుస్తుంది. ఆక్సీటెట్రాసైక్లిన్ మందు తొలిదశలో బాగా పనిచేస్తుంది. పెన్సిలిన్ గాని, ఎర్రమూత్రానికి వాడే డిమినజిన్ గాని దీనికి పనిచేయవు. కావున సొంత వైద్యంతో రోజులు పోగొట్టుకోవద్దు.

మందు వాడిన ఆవు పాలను డాక్టరు చెప్పిన గడువు తీరేవరకు సంఘంలో పోయరాదు. మందు కలిసిన పాలు తోడుకోవు, కాచినంత మాత్రాన మందు పూర్తిగా పోదు. ఒక్కరి పాలు క్యానులో కలిస్తే అందరి పాలూ చెడినట్లే. ఈ వ్యాధి మనుషులకు సోకదు గనుక ఆ విషయంలో భయం అవసరం లేదు.

నివారణ

పిడుదు పిల్లగా పశువును పట్టి, పెరిగి, కడుపు నిండి రాలిపోవడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. రాలిన ఆడపిడుదు గోడ పగుళ్లలో, చెత్తలో రెండు మూడు వేల గుడ్లు పెడుతుంది. ఒకసారి మందు కొట్టి ఊరుకుంటే చాలదనడానికి కారణం ఇదే. సీసా మీద రాసిన మోతాదులోనే కలిపి, చెవుల లోపలి అంచులు, గంగడోలు, పొదుగు పక్కలు, తోక మొదలు తడిసేటట్లు పట్టించి, డాక్టరు సలహాపై రెండు మూడు వారాలకు మళ్లీ పట్టించాలి. కొట్టంలో పగుళ్లు పూడ్చి, సున్నం కొట్టి, పేడకుప్పను దూరంగా వేయాలి. ఒక ఇంట కొట్టి పక్కింట కొట్టకపోతే ప్రయోజనం తక్కువ. ఊరంతా ఒకే వారంలో చేయించడం సంఘానికే సాధ్యం.

కొత్త ఆవును కొన్నప్పుడు రక్తపరీక్ష చేయించి, పిడుదులు లేవని చూసుకున్న తరువాతే మందలో కట్టండి. భీమా చేసిన ఆవు చెవిపోగు ఊడితే వెంటనే తెలియజేయండి.

కార్యదర్శులకు ఒక మనవి. ఏ సభ్యుని పాలైనా రెండు పూటలు వరుసగా సగానికి పడితే, పుస్తకంలో అంకె వేసి ఊరుకోక, “ఆవుకు ఒళ్లు ఎట్లా ఉంది? కన్ను తిప్పి చూశావా?” అని అడగండి. నేను చూసిన ఆ పుస్తకంలో నాలుగు రోజులు అంకెలు తగ్గుతూనే ఉన్నాయి. అడిగినవారే లేరు.